వీల్యాన్ కోసం ఏ స్విచ్ కొనాలి? మిల్లు, హేచరీ, లాడ్జి, కాలేజీలకు ఎంపిక సలహా

కోవూరు, బుచ్చి వైపు రైస్ మిల్లు ఆఫీసుల్లో మామూలుగా కనిపించే ఏర్పాటు ఇది. గోడకు ఒక 16 పోర్టుల స్విచ్. కాటా కంప్యూటరు, బిల్లింగ్ కంప్యూటరు, ప్రింటరు, కెమెరాల ఎన్‌వీఆర్ (రికార్డు చేసే పెట్టె), వైఫై పెట్టె అన్నీ దానికే. వడ్లు తోలుకొచ్చిన రైతో, లారీ డ్రైవరో వైఫై పాస్‌వర్డ్ అడిగితే కాదనలేక ఇస్తారు. అప్పట్నుంచి ఆ ఫోనూ, కాటా లెక్కలున్న కంప్యూటరూ ఒకే ఇంట్లో ఉన్నట్టే. ఫోనులోంచి ఎన్‌వీఆర్ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. ప్రింటరు కనపడుతుంది. షేర్ చేసిన ఫోల్డర్లు కూడా కనపడతాయి.

వీటిని విడదీయడానికి మూడు స్విచ్‌లు కొని మూడు వరసల వైరు లాగక్కర్లేదు. ఒకే స్విచ్‌ని లోపల్లోపల మూడు స్విచ్‌లుగా పంచుకోవచ్చు. ఆ పంపకమే వీల్యాన్. అయితే బజారులో "వీల్యాన్ ఉంది" అని అమ్మే సరుకులో కనీసం నాలుగు రకాలున్నాయి, నాలుగూ చేసే పని ఒకటి కాదు. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే.

కొనబోయే ముందు రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసుకోండి. ఈ విభజన ఒక స్విచ్‌లోనే ఆగుతుందా, రెండో స్విచ్‌కీ వైఫై పెట్టెకీ కూడా వెళ్లాలా? విడదీసిన గుంపులు మళ్లీ ఎక్కడైనా కలవాలా, అంటే ఆఫీసు కంప్యూటరులో కెమెరాలు చూడాలా? ఏది కొనాలో ఈ రెండే తేలుస్తాయి. ధర, కంపెనీ తర్వాతి మాట.

మార్కా వేసిన బస్తాలు

మూడు మిల్లుల బియ్యం ఒకే లారీ ఎక్కినా, దించేచోట బస్తా మీది మార్కా చూసి ఎవరి సరుకు వాళ్లు దించుకుంటారు. 802.1క్యూ అనే పద్ధతి సరిగ్గా అదే చేస్తుంది. ఐట్రిపుల్‌ఈ అనే ఇంజినీర్ల సంస్థ 1998లో దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. వైరులో పోయే ప్రతి ఈథర్నెట్ ఫ్రేమ్‌కి, అంటే డేటా మూటకి, 4 బైట్ల ట్యాగ్ తగిలిస్తుంది. అందులో 12 బిట్లు వీల్యాన్ నంబరుకి, కాబట్టి వాడుకోదగ్గ నంబర్లు 1 నుంచి 4094 దాకా.

రెండు స్విచ్‌ల మధ్య, స్విచ్‌కీ రౌటరుకీ మధ్య నడిచే వైరు లారీ లాంటిది. అందులో ఫ్రేములు మార్కాతోనే పోతాయి. ఆ పోర్టుని ట్యాగ్డ్ పోర్టు అనీ, సిస్కో భాషలో ట్రంక్ అనీ అంటారు. కంప్యూటరు, కెమెరా, ప్రింటరు ఉన్న పోర్టులో మార్కా తీసేసి సరుకు మాత్రమే ఇస్తారు. అది అన్‌ట్యాగ్డ్ లేదా యాక్సెస్ పోర్టు. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

అసలు వీల్యాన్ అక్కర్లేని చోటు

మీ సమస్య కెమెరాలు ఒక్కటే అయితే, అవి 8 లోపు ఉంటే, వెనకాల పీఓఈ పోర్టులు (నెట్‌వర్క్ వైరులోనే కరెంటు కూడా ఇచ్చేవి) ఉన్న ఎన్‌వీఆర్ కొనండి. కెమెరాలు నేరుగా దానికే తగులుకుంటాయి, దాని లోపలి నెట్‌వర్కులోనే ఉంటాయి. ఎన్‌వీఆర్ నుంచి ఒక్క వైరు ఆఫీసు స్విచ్‌కి వస్తుంది. సెట్టింగులు లేవు, చెడిపోయేదీ తక్కువ. ఇంత సులువైన దారి ఉండగా స్మార్ట్ స్విచ్ అంటగట్టడం న్యాయం కాదు. ఎన్‌వీఆర్ పాస్‌వర్డ్ మాత్రం గట్టిది పెట్టండి. పైన చెప్పిన లాగిన్ పేజీ ఇంకా ఆఫీసు నెట్‌వర్కులోనే ఉంటుంది.

కెమెరా షాపు స్విచ్ మీది చిన్న మీట

సీసీటీవీ షాపుల్లో దొరికే చవక పీఓఈ స్విచ్‌ల ముందు భాగంలో చిన్న జరుపుడు మీట ఉంటుంది. ఒక వైపు "వీల్యాన్", ఒక వైపు "ఎక్స్‌టెండ్" అని రాసి ఉంటుంది. ఇది మనం మాట్లాడుకునే వీల్యాన్ కాదు. దాన్ని అటు జరిపితే కెమెరా పోర్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఆగిపోతుంది, అన్నీ అప్‌లింక్ పోర్టుతో (పై స్విచ్‌కో రౌటరుకో పోయే పోర్టు) మాత్రమే మాట్లాడతాయి. అంతే. నంబర్లుండవు, ట్యాగ్ ఉండదు, రెండో స్విచ్‌కి ఏమీ చేరదు.

పనికిరాదని కాదు. ఒక కెమెరా పాడై నెట్‌వర్కంతా చెత్త ట్రాఫిక్ చిమ్మితే మిగతా కెమెరాలకి ఆ దెబ్బ తగలదు. అయితే మీట జరిపాక ఎన్‌వీఆర్‌ని తప్పకుండా అప్‌లింక్ పోర్టులోనే గుచ్చాలి. మామూలు పోర్టులో గుచ్చితే కెమెరాలన్నీ ఒక్కసారిగా కనపడకుండా పోతాయి, స్విచ్ పోయిందని వెనక్కి పట్టుకొస్తారు. "ఎక్స్‌టెండ్" వైపు జరిపితే కేబుల్ దూరం 100 మీటర్ల బదులు 250 మీటర్ల దాకా అంటారు కానీ వేగం 10 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. రొయ్యల చెరువు చివరి కెమెరా ఒక్కదానికైతే సరే.

పోర్ట్ బేస్డ్ వీల్యాన్: లాడ్జికి, హాస్టలుకి చాలు

టీపీ-లింక్ ఈజీ స్మార్ట్ రకం స్విచ్‌ల్లో మూడు పద్ధతులుంటాయి: ఎంటీయూ వీల్యాన్, పోర్ట్ బేస్డ్ వీల్యాన్, 802.1క్యూ వీల్యాన్. ఒక సమయంలో ఒకటే నడుస్తుంది.

ఎంటీయూ అంటే ఒక అప్‌లింక్ పోర్టు ఎంచుకుంటే మిగతా పోర్టులన్నీ దానితోనే మాట్లాడతాయి, పక్క పోర్టుతో మాట్లాడలేవు. కెమెరా స్విచ్ మీట చేసే పనే ఇది, కాకపోతే అప్‌లింక్ ఏదో మీరు చెప్పొచ్చు. లాడ్జి గదులకి, అద్దె షాపులున్న కాంప్లెక్సుకి ఇంతకన్నా పొదుపైన దారి లేదు. అందరికీ ఇంటర్నెట్ వస్తుంది, పక్క గది ల్యాప్‌టాప్ కనపడదు, ఇంటర్నెట్ వాళ్లిచ్చిన పెట్టెను మార్చక్కర్లేదు.

పోర్ట్ బేస్డ్ అంటే ఏ పోర్టులు ఏ గుంపో మీరే పంచడం, ట్యాగ్ లేకుండా. ఈ పద్ధతి రెండో స్విచ్ వచ్చేసరికి కుంటుతుంది. ట్యాగ్ లేదు కాబట్టి ప్రతి గుంపుకీ విడిగా ఒక వైరు లాగాలి. పైన అంతస్తులో ఇంకో స్విచ్, మూడు గుంపులు అంటే మూడు వైర్లు. ఆ స్విచ్‌ల్లో స్పానింగ్ ట్రీ (వైర్లు చుట్టు తిరిగి లూప్ కాకుండా కొన్నిటిని మూసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఇంకో చిక్కు. మామూలు స్పానింగ్ ట్రీకి గుంపుల సంగతి తెలియదు. రెండు స్విచ్‌ల మధ్య మూడు వైర్లు కనపడగానే లూప్ అనుకుని రెంటిని మూసేస్తుంది. ఒక గుంపు పనిచేస్తుంది, రెండు గుంపులు చచ్చిపోతాయి. కేబుల్ మార్చి, క్లిప్పులు మళ్లీ కొట్టి చూసినా బాగుపడదు, ఎందుకంటే వైరులో తప్పే లేదు.

802.1క్యూ స్మార్ట్ స్విచ్: ఎక్కువమందికి ఇదే సరైనది

ఆఫీసు, కెమెరాలు, బయటివాళ్ల వైఫై అని మూడు గుంపులు, రెండు మూడు స్విచ్‌లు ఉన్న మిల్లుకి, డిగ్రీ కాలేజీకి, నర్సింగ్ హోముకి మా సలహా ఇది. టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈ, నెట్‌గేర్ జీఎస్308ఈ, డీ-లింక్ డీజీఎస్-1100 వరస లాంటి వెబ్ పేజీతో నడిచే స్విచ్ చాలు.

అయితే ఒక్క షరతు. వీల్యాన్లను విడదీసేది స్విచ్, కలిపేదీ ఇంటర్నెట్ ఇచ్చేదీ రౌటరు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే ఇంటి రకం పెట్టెల్లో ఎక్కువవాటికి లోపలి వైపు ట్యాగ్ అర్థం కాదు. స్మార్ట్ స్విచ్ మాత్రమే కొని మూడు వీల్యాన్లు పెట్టారనుకోండి, ఒక గుంపుకే నెట్ వస్తుంది, మిగతా రెంటికీ రాదు. కాబట్టి ట్యాగ్ తెలిసిన రౌటరు కూడా లెక్కలో వేసుకోండి. మైక్రోటిక్ హెచ్‌ఈఎక్స్, టీపీ-లింక్ ఈఆర్605 లాంటివి ఈ పని చేస్తాయి. ఈ రెండో ఖర్చు ముందే చెప్పకుండా స్విచ్ అమ్మితే కొన్నవాళ్లకి అన్యాయం.

వైఫై పెట్టె కూడా అంతే. ఒకే యాక్సెస్ పాయింటు "ఆఫీసు", "గెస్ట్" అని రెండు పేర్లు చూపిస్తూ, ఒక్కో పేరుని ఒక్కో వీల్యాన్‌లో వేయగలదా అని అడిగి కొనండి.

8 పోర్టుల స్విచ్ మీద అమరిక

ముందు నంబర్లు నిర్ణయించుకోండి. ఆఫీసుకి 10, కెమెరాలకి 20, గెస్ట్‌కి 30. అడ్రసులు కూడా వాటికి జతగా 192.168.10, 192.168.20, 192.168.30 అని ఉంచితే, ఏడాది తర్వాత చూసినా ఏది ఎవరిదో తెలుస్తుంది. 1వ నంబరు వీల్యాన్‌ని ఏ గుంపుకీ ఇవ్వొద్దు. స్విచ్ పెట్టెలోంచి తీసినప్పుడు అన్ని పోర్టులూ అందులోనే ఉంటాయి. ఎవరైనా రీసెట్ నొక్కినా, కొత్త స్విచ్ తగిలించినా అన్నీ అందులోకే చేరతాయి.

పోర్టుల పంపకం:

పోర్టు 1: రౌటరు. 10, 20, 30 మూడూ ట్యాగ్డ్.
పోర్టు 2, 3, 4: కాటా, బిల్లింగ్, ప్రింటరు. 10 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 10 (ఇదేమిటో కింద చెబుతాం).
పోర్టు 5, 6: ఎన్‌వీఆర్, కెమెరాల పీఓఈ స్విచ్. 20 అన్‌ట్యాగ్డ్, పీవీఐడీ 20.
పోర్టు 7: యాక్సెస్ పాయింటు. 10, 30 ట్యాగ్డ్.
పోర్టు 8: ఖాళీ. వీల్యాన్ 1లోనే వదిలేయండి. మీ ల్యాప్‌టాప్ దీనికే తగిలించి పని చేయండి.

పోర్టు 8ని ఎందుకు వదిలేశామంటే, సెట్టింగు మధ్యలో తలుపు మీ మీదే మూసుకోకుండా. మీరు కూర్చున్న పోర్టుని వీల్యాన్ 10లోకి మార్చి "అప్లై" నొక్కితే వెబ్ పేజీ మళ్లీ తెరుచుకోకపోవచ్చు. అప్పుడు రీసెట్ నొక్కి మొదటికి రావడమే. మైక్రోటిక్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. బ్రిడ్జిలో వీల్యాన్ ఫిల్టరింగ్ ఆన్ చేయడం చిట్టచివరి పని. సేఫ్ మోడ్ నొక్కి పని మొదలుపెడితే, కనెక్షన్ తెగినప్పుడు చేసిన మార్పులు వాటంతటవే వెనక్కి పోతాయి.

ఈజీ స్మార్ట్ స్విచ్ మొదటి అడ్రసు చాలా మోడళ్లలో 192.168.0.1. మీ రౌటరుదీ అదే అయితే రెండూ కొట్టుకుంటాయి. స్విచ్‌ని ల్యాప్‌టాప్‌కి ఒంటరిగా తగిలించి, ల్యాప్‌టాప్‌కి 192.168.0.50 లాంటి అడ్రసు చేత్తో ఇచ్చి, ముందు స్విచ్ అడ్రసూ పాస్‌వర్డూ మార్చి తర్వాత మిగతా పని చూడండి.

ఇప్పుడు పీవీఐడీ. మనుషులు తప్పేది ఇక్కడే ఎక్కువ. స్విచ్ నుంచి పరికరానికి పోయే ఫ్రేము మార్కాతో పోవాలా, లేకుండా పోవాలా అనేది ట్యాగ్డ్, అన్‌ట్యాగ్డ్ సెట్టింగు చెబుతుంది. పరికరం నుంచి స్విచ్‌లోకి మార్కా లేకుండా వచ్చే ఫ్రేముకి ఏ మార్కా వేయాలో పీవీఐడీ చెబుతుంది. ఒకటి దింపుడు, ఒకటి ఎక్కింపు. సిస్కోలో యాక్సెస్ పోర్టుకి వీల్యాన్ ఇస్తే రెండూ ఒకేసారి మారతాయి. చవక స్మార్ట్ స్విచ్‌ల్లో ఇవి రెండు వేర్వేరు పేజీలు. మొదటి పేజీలో 20 అన్‌ట్యాగ్డ్ అని పెట్టి, రెండో పేజీలో పీవీఐడీ 1గా మరిచిపోతే కెమెరా పంపిందంతా వీల్యాన్ 1లోకి పోతుంది.

లక్షణం చూసి తప్పు పట్టేయొచ్చు. కంప్యూటరుకి 169.254తో మొదలయ్యే అడ్రసు వచ్చిందంటే దాని అభ్యర్థన డీహెచ్‌సీపీకి (రౌటరులో అడ్రసులు పంచే భాగం) చేరలేదు: పీవీఐడీ తప్పు, లేదా రౌటరు వైపు పోర్టులో ఆ వీల్యాన్ ట్యాగ్ లేదు. అడ్రసు వచ్చింది కానీ 192.168.20 రావలసిన చోట పాత గుంపుది వచ్చిందంటే, పీవీఐడీ మార్చలేదు, పైగా ఆ పోర్టుని వీల్యాన్ 1 నుంచి తీసేయలేదు. రెండో తప్పు మొదటిదానికన్నా ప్రమాదం. అంతా పనిచేస్తున్నట్టే కనపడుతుంది, విభజన మాత్రం ఉండదు.

అయ్యాక "సేవ్ కాన్ఫిగ్" నొక్కండి. చాలా స్విచ్‌ల్లో "అప్లై" అంటే అప్పటికి అమలు చేయడమే, దాచుకోవడం కాదు. సాయంత్రం కరెంటు పోయి వచ్చాక అన్నీ మొదటికొస్తే కారణం ఇదే.

సెకండ్ హ్యాండ్ సిస్కో తీసుకోవచ్చా?

నెల్లూరు నుంచి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి వాడిన క్యాటలిస్ట్ 2960 తెచ్చుకునేవాళ్లున్నారు. గట్టి సరుకే. కమాండ్లు తెలిసిన మనిషి దగ్గర్లో ఉంటే తీసుకోండి. లేకపోతే వద్దు. ప్రతి చిన్న మార్పుకీ ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తుంది.

మోడల్ చివరి అక్షరాలు చూసి కొనండి. 2960-24టీటీ-ఎల్‌లో 24 పోర్టులూ 100 ఎంబీపీఎస్‌వే, గిగాబిట్ రెండే. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్ పంపితే 16 కెమెరాలు 64 అవుతాయి, ఒక 100 పోర్టులో ఇరుగ్గా సరిపోతాయి. 32 కెమెరాలు సరిపోవు.

పాత స్విచ్‌లో దాగిన ఇంకో ప్రమాదం వీటీపీ, అంటే సిస్కో స్విచ్‌లు వీల్యాన్ల జాబితాను ఒకదానికొకటి పంచుకునే పద్ధతి. కాన్ఫిగరేషన్ చెరిపేసినా వీల్యాన్ల జాబితా ఫ్లాష్‌లో వేరే ఫైలుగా మిగిలిపోతుంది. దాని రివిజన్ నంబరు మీ స్విచ్‌లకన్నా ఎక్కువై, డొమైన్ పేరు కూడా కలిస్తే, తగిలించిన నిమిషంలో మీ వీల్యాన్లన్నిటినీ తన పాత జాబితాతో చెరిపేస్తుంది. వీల్యాన్ ఫైలుని విడిగా తుడిచి, వీటీపీని ట్రాన్స్‌పరెంట్ మోడ్‌లో పెట్టాకే నెట్‌వర్కులో కలపండి.

ట్రంక్ మీద కొత్త వీల్యాన్ చేర్చేటప్పుడు "అలౌడ్ వీల్యాన్" తర్వాత "యాడ్" అనే మాట రాయాలి. అది మరిస్తే కొత్త నంబరు చేరదు, పాత నంబర్లన్నీ పోయి ఆ ఒక్కటే మిగులుతుంది. దూరం నుంచి లాగిన్ అయి ఈ తప్పు చేస్తే ఆ ఊరికి బస్సెక్కాల్సిందే.

లేయర్ 3 స్విచ్ ఎప్పుడు?

రౌటరుకీ స్విచ్‌కీ ఒకే గిగాబిట్ వైరు ఉంటే, ఒక వీల్యాన్ నుంచి ఇంకోదానికి పోయే ప్రతి ఫైలూ ఆ వైరులో ఎక్కి మళ్లీ దిగుతుంది. ఒంగోలులో రెండు మూడు వందల కంప్యూటర్లున్న ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబులన్నీ ఒక సర్వరు నుంచి పెద్ద ఫైళ్లు లాగుతుంటే అది ఇరుకవుతుంది. అక్కడ రౌటరు పని కూడా చేసే లేయర్ 3 స్విచ్ పెట్టాలి. వీల్యాన్ల మధ్య దారి చిప్‌లోనే తిరుగుతుంది.

మిల్లుకీ, హేచరీకీ అది అనవసరం. ఇంకో కారణం కూడా ఉంది. స్విచ్‌లో ఉండే ఏసీఎల్ (ఎవరిని పోనివ్వాలో చెప్పే నియమాల జాబితా) ఒక్కో ప్యాకెట్‌నే చూస్తుంది, ఎవరు ముందు పలకరించారో గుర్తుపెట్టుకోదు. "ఆఫీసు నుంచి కెమెరాలు చూడొచ్చు, కెమెరాలు ఆఫీసులోకి రాకూడదు" అనే నియమం రౌటరు ఫైర్‌వాల్‌లో నాలుగు వరసలు. ఏసీఎల్‌లో రాయబోతే తిరుగు జవాబులు కూడా ఆగిపోయి తల పట్టుకోవాలి.

ఏది కొన్నా ఒకటి గుర్తుంచుకోండి. రౌటరులో మూడు వీల్యాన్లకీ అడ్రసులివ్వగానే, అడ్డు పెట్టకపోతే, అది మూడింటి మధ్య దారి తెరిచేస్తుంది. మైక్రోటిక్‌లో అయితే నియమం రాయనంతవరకు గెస్ట్ ఫోను నుంచి కాటా కంప్యూటరుకి పింగ్ (ఉన్నావా అని అడిగే పలకరింపు) పోతుంది. వీల్యాన్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉన్న చాలా చోట్ల పరిస్థితి ఇదే.

మన దగ్గరి ఎండ, ఉప్పుగాలి, పిడుగు

ప్లాస్టిక్ లేదా చిన్న రేకు పెట్టె స్విచ్‌లు ఎక్కువగా 40 డిగ్రీల దాకా అని రాసి ఉంటాయి. రోహిణి కార్తెలో బయటే అది దాటుతుంది. రేకుల షెడ్డులో మూసిన డబ్బాలో పెడితే ఇక చెప్పక్కర్లేదు. అట్లాంటి చోట 75 డిగ్రీల దాకా తట్టుకునే ఇండస్ట్రియల్ రకం కొనండి, లేదా స్విచ్‌ని ఆఫీసు గదిలోకి తెచ్చి షెడ్డుకి వైరు మాత్రమే పంపండి. సముద్రం ఒడ్డు హేచరీల్లో ఖాళీ పోర్టులకి రబ్బరు మూతలు పెట్టకపోతే లోపలి పిన్నులు పచ్చబడిపోతాయి.

రెండు కట్టడాల మధ్య రాగి కేబుల్ వద్దు. పిడుగు పడ్డ రోజు రెండు చివర్ల స్విచ్‌లూ కలిసి పోతాయి. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో కటింగ్ మోటార్ల పక్కన కూడా ఫైబరే మంచిది. ఒకే పోగు మీద నడిచే ఎస్‌ఎఫ్‌పీలు (ఫైబర్ తగిలించడానికి స్విచ్‌లో గుచ్చే ముక్కలు) కొంటే జత చూసి తీసుకోండి: ఒక చివర 1310 నానోమీటర్ల కాంతి పంపి 1550ది అందుకునేది, రెండో చివర దానికి తిరగేసింది. రెండూ ఒకే రకం తెస్తే లైటు వెలగదు. మీడియా కన్వర్టరు (రాగి వైరునీ ఫైబర్‌నీ కలిపే పెట్టె) వాడితే 1522 బైట్ల ఫ్రేము దాటనిస్తుందో లేదో చూడాలి, ఎందుకంటే ట్యాగ్ కలిపితే ఫ్రేము 1518 నుంచి అంత అవుతుంది. చెరువుల మధ్య వైర్‌లెస్ లింకు అయితే రేడియోలు రెండూ బ్రిడ్జి మోడ్‌లో ఉండాలి. రౌటర్ మోడ్‌లోనూ, మామూలు వైఫై రిపీటర్ల మీదా ట్యాగ్ నిలవదు.

పీఓఈ లెక్క రాత్రి పూట వేయండి. 802.3ఏఎఫ్ పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, కెమెరాకి చేరేది 12.95. పోర్టుకి ఇంత అన్నంత మాత్రాన అన్ని పోర్టులకీ ఒకేసారి అంత ఇవ్వదు, స్విచ్ మొత్తానికి ఒక హద్దు ఉంటుంది. పగలు అన్నీ బాగుండి, చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఒకటి రెండు కెమెరాలు ఆరిపోతున్నాయంటే హద్దు దాటిందన్నమాట. వీల్యాన్ సెట్టింగులు కదిలించకండి.

డబ్బు కట్టే ముందు పరీక్ష

పని చేసిన మనిషి ఉండగానే మూడు చూసుకోండి. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోను నుంచి 192.168.10లోని కాటా కంప్యూటరుకీ, ఎన్‌వీఆర్‌కీ పింగ్ కొట్టండి, రెండూ పోకూడదు. కాటా కంప్యూటరులో విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ని తనే ఆపేస్తుంది కాబట్టి ప్రింటరు అడ్రసుకీ ఒకసారి కొట్టి చూడండి. ఆఫీసు కంప్యూటరులో కెమెరాలు తెరవండి, రావాలి. తర్వాత స్విచ్ ప్లగ్గు పీకి రెండు నిమిషాలు ఆగి మళ్లీ పెట్టి, అవే రెండు పరీక్షలు మళ్లీ చేయండి. అన్నీ నిలబడితే కాన్ఫిగరేషన్ ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి, పోర్టుల పంపకం కాగితం మీద రాసి స్విచ్ పక్కనే అంటించండి.